రేనల్డ్స్ ప్రైస్, వాళ్ళమ్మ కలిపిన పిమెంటో చీజ్

అమెరికన్ నవలా రచయిత రేనల్డ్స్ ప్రైస్ ఒక విషయంలో తన వల్ల కాలేదని అచ్చులోనే ఒప్పుకున్నాడు. పిమెంటో చీజ్ అనే జున్ను ముద్ద ఎక్కడ పుట్టిందో తేల్చుదామని చాన్నాళ్ళు వెతికి, దొరక్క వదిలేశానన్నాడు. 1981లో 'ది గ్రేట్ అమెరికన్ రైటర్స్ కుక్‌బుక్' అని ఒక వంటల పుస్తకం వచ్చింది. పేరుమోసిన నవలా రచయిత విలియం ఫాక్నర్ తమ్ముడి కూతురు డీన్ ఫాక్నర్ వెల్స్ దానికి సంపాదకురాలు. అమెరికన్ రచయితలు తలా ఒక వంటకం ఇచ్చిన ఆ పుస్తకంలో ప్రైస్ వాటా ఇదీ. మిగతా పిల్లలకి పీనట్ బటర్ ఎలాగో తన చిన్నతనంలో తనకి ఇది అలాగట. అమ్మ ఇంట్లోనే కలిపేదట. బహుశా అమెరికా దక్షిణాది వాళ్ళే కనిపెట్టి ఉంటారని కూడా అన్నాడు.

ఆ చివరి ముక్క తప్పు. కానీ అంత చదువుకున్న మనిషి అలా ఎందుకనుకున్నాడో చూస్తే అతని నవలలు కూడా ఇంకాస్త అర్థమవుతాయి.

ముందు పదార్థం సంగతి. పిమెంటో చీజ్ అంటే తురిమిన చెద్దర్ జున్ను, మెయొనేజ్, తోలు ఒలిచిన ఎర్రటి పిమెంటో మిరపకాయ ముక్కలు కలిపిన ముద్ద. మూడే మూడు సరుకులు. రెండు బ్రెడ్ ముక్కల మధ్య రాసుకు తినడానికి. పిమెంటో కూడా మన మిరపకాయ జాతిదే, కాప్సికం అన్నా దానికి చుట్టమే. గుండె ఆకారంలో, మందంగా, తియ్యగా ఉంటుంది. కారం దాదాపు ఉండదు. దక్షిణాది రాష్ట్రాలైన నార్త్ కరొలైనా, సౌత్ కరొలైనా, జార్జియా పల్లెల్లో దాని పేరును చివరి 'టో' మింగేసి 'పిమెనా చీజ్' అంటారు. ఆ పలుకుబడి విని మనిషిది ఏ ప్రాంతమో చెప్పేయొచ్చు.

ఇక పుట్టుక. 19వ శతాబ్దం చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలో మెత్తటి క్రీమ్ చీజ్ తయారీ ఊపందుకుంది. అదే రోజుల్లో స్పెయిన్ నుంచి తోలు ఒలిచిన పిమెంటోలు డబ్బాల్లో దిగుమతయ్యేవి. ఖరీదైన సరుకు, నాజూకైన వాళ్ళ తిండి. ఈ రెండూ అక్కడే కలిశాయి. 1908లో 'గుడ్ హౌస్‌కీపింగ్' పత్రిక అచ్చువేసిన పద్ధతిలో క్రీమ్ చీజ్, ఆవాల ముద్ద, చైవ్స్ (ఉల్లికాడల్లాంటి సన్నటి ఆకు), సన్నగా తరిగిన పిమెంటో ఉన్నాయి. చెద్దర్ లేదు, మెయొనేజ్ లేదు. మరో రెండేళ్ళకే ఫ్యాక్టరీలు చేసి అమ్మడం మొదలుపెట్టాయి. అంటే ఉత్తరాది పట్నాల్లో పుట్టిన సరుకు దక్షిణాదికి డబ్బాల్లో వచ్చింది.

దాన్ని దక్షిణాది తన సొంతం చేసుకున్న తీరే అసలు కథ. జార్జియాలో గ్రిఫిన్ అనే ఊరి దగ్గర రీగెల్ కుటుంబం వాళ్ళు 1911 ప్రాంతంలో స్పెయిన్ నుంచి విత్తనాలు తెప్పించి పిమెంటో వేశారు. పంట బాగానే వచ్చింది, చిక్కల్లా తోలుతోనే. ఒక్కో కాయనీ చేత్తో ఒలవాలంటే కూలి గిట్టదు. 1914లో వాళ్ళే కాయల్ని సెగ మీద దొర్లించి తోలు కాల్చేసే యంత్రం తయారుచేశారు. దాంతో గ్రిఫిన్ చుట్టుపక్కల డబ్బాల ఫ్యాక్టరీలు లేచాయి, పిమెంటో చవకైంది. అప్పటికే ప్రతి పల్లె కొట్లోనూ హూప్ చీజ్ అని పెద్ద చక్రం లాంటి చెద్దర్ రకం జున్ను ఉండేది, అడిగినంత కోసి ఇచ్చేవాళ్ళు. ఇక 1917లో సౌత్ కరొలైనాలోని గ్రీన్‌విల్‌లో యుజీనియా డ్యూక్ అనే ఆవిడ క్యాంప్ సెవియర్ సైనికులకి శాండ్‌విచ్‌లు చేసి అమ్మడం మొదలుపెట్టింది. శాండ్‌విచ్ కన్నా అందులో రాసిన మెయొనేజ్‌కే పేరొచ్చింది. అదే డ్యూక్స్ మెయొనేజ్. చక్కెర వెయ్యరు, పచ్చసొన ఎక్కువ. కరొలైనాలో ఇప్పటికీ పిమెంటో చీజ్‌కి వేరే బ్రాండ్ వాడితే మొహం అదోలా పెడతారు. (ప్రైస్ పాఠం చెప్పిన డ్యూక్ యూనివర్సిటీ పేరు పొగాకు వ్యాపారం చేసిన డ్యూక్ కుటుంబానిది. ఆ డ్యూక్ వేరు, ఈ డ్యూక్ వేరు.)

బట్టల మిల్లుల్లో కూల్‌డ్రింకులూ శాండ్‌విచ్‌లూ అమ్ముతూ తిరిగే తోపుడుబళ్ళ మీదికి ఇది ఎక్కింది. చచ్చిన వాళ్ళ ఇంటికి చుట్టుపక్కల వాళ్ళు పట్టుకెళ్ళే తిండిలోకీ, చర్చి భోజనాల్లోకీ చేరింది. 1933లో పుట్టిన పిల్లాడు కళ్ళు తెరిచేసరికి ఇది అనాదిగా ఉన్నదానిలాగే కనపడింది. మిరపకాయ సముద్రం దాటి వచ్చి ఐదొందల ఏళ్ళే అయిందంటే మనమూ నమ్మలేం కదా.

ప్రైస్ పుట్టింది 1933 ఫిబ్రవరి 1న, నార్త్ కరొలైనా ఈశాన్య మూల వర్జీనియా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న వారెన్ కౌంటీలో. ఊరి పేరు మేకన్. పొగాకు, పత్తి పొలాల మధ్య చిన్న ఊరు. కాన్పు కష్టమైంది. తండ్రి విల్ తాగుడు మనిషి. భార్యా బిడ్డా బతికి బయటపడితే మళ్ళీ ముట్టనని దేవుడికి మొక్కుకున్నాడు. ఇద్దరూ బతికారు. పెద్దవాడయ్యాక ప్రైస్ ఈ సంగతిని పదేపదే రాశాడు, తాను ఒక మొక్కుకి ఫలితంగా పుట్టిన బిడ్డనన్నట్టు. తండ్రి ఊరూరా తిరిగి సరుకు అమ్మే ఉద్యోగి. ఆర్థిక మాంద్యం రోజుల్లో కుటుంబం ఒక చిన్న పట్నం నుంచి ఇంకో చిన్న పట్నానికి మారుతూ చివరికి రాలీ చేరింది. ఇళ్ళు మారినా మారనివి అమ్మ వంటిల్లూ, మేకన్‌లో బంధువులూ.

డ్యూక్‌లో చదివి, 1955లో రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కాలేజీకి వెళ్ళాడు. ఇంగ్లీషు కవి మిల్టన్ మీద పరిశోధన చేశాడు. 1958లో డ్యూక్‌కే తిరిగొచ్చి పాఠం చెప్పడం మొదలుపెట్టి, 2011లో పోయేదాకా యాభై ఏళ్ళకి పైగా అక్కడే ఉన్నాడు. అతని తొలి విద్యార్థుల్లో నవలా రచయిత్రి ఆన్ టైలర్ ఒకరు. అతన్ని రచయితగా గుర్తించిన మనిషి దక్షిణాది రచయిత్రి యుడోరా వెల్టీ. డ్యూక్‌కి ఉపన్యాసం ఇవ్వడానికి ఆమె వచ్చినప్పుడు ఈ కుర్రాడి కథ చదివి తన ఏజెంటుకి చూపించింది. దక్షిణాది నుంచి ఎవరు కలం పట్టినా ఫాక్నర్ వారసుడనడం విమర్శకులకి అలవాటు. ప్రైస్‌కి ఆ మాట గిట్టేది కాదు. తన గురువు వెల్టీ అని తెగేసి చెప్పేవాడు. చదివితే అతని మాటే నిజమనిపిస్తుంది. ఫాక్నర్‌లో ఇల్లు శాపం. వెల్టీలో, ప్రైస్‌లో ఇల్లు అంటే మాటలు వినపడే చోటు.

మొదటి నవల 'ఎ లాంగ్ అండ్ హ్యాపీ లైఫ్' 1962లో వచ్చింది. 'హార్పర్స్' పత్రిక మొత్తం నవలని ఒకే సంచికలో వేసింది. మొదటి వాక్యమే దాదాపు రెండొందల మాటలు. మోటార్‌సైకిల్ మీద వెస్లీ బీవర్స్, వెనక అతని వీపుకి ఆనుకుని రోజాకోక్ మస్టియన్. నెమ్మదిగా సాగే కార్ల వరసని పక్కకి తోసుకుంటూ పోతుంటారు. ఆ వరస ఒక నల్లజాతి అమ్మాయి శవయాత్ర. కాన్పులో పోయిన ఆ మిల్‌డ్రెడ్ రోజాకోక్ చిన్ననాటి స్నేహితురాలు. ప్రేమ, చావు, జాతి, కాన్పు నాలుగూ ఆ ఒక్క వాక్యపు దుమ్ములోనే ఉంటాయి. కరొలైనా పల్లె అమ్మాయికి సొంత మాట తీరూ సొంత తెలివీ ఇచ్చి, ఆమెని చూసి నవ్వకుండా, జాలి కూడా పడకుండా రాయడం ఆ రోజుల్లో తక్కువ. చివర్లో చర్చిలో క్రిస్మస్ నాటకం. పెళ్ళి కాకుండా గర్భవతైన రోజాకోక్ అందులో మేరీ మాత వేషం కడుతుంది. కొత్తగా చదివేవాళ్ళు దీనితోనే మొదలుపెట్టడం మంచిది. 1975లో మొదలైన మేఫీల్డ్ కుటుంబపు మూడు నవలలు బరువైనవి, వాక్యాలు గట్టివి. అభిమానులకి కూడా కొన్నిచోట్ల ఊపిరాడదు.

1984లో వెన్నుపాములో కేన్సర్ గడ్డ బయటపడింది. పెన్సిల్ మందాన, పది అంగుళాల పొడవున, మెడ దగ్గర్నుంచి కిందికి. ఆపరేషన్లు, రేడియేషన్. ప్రాణం నిలిచింది, కాళ్ళు పోయాయి. అప్పటికి అతని చేతిలో 'కేట్ వైడెన్' నవల సగంలో ఉంది. కేట్‌కి పదకొండేళ్ళప్పుడు తండ్రి తల్లిని చంపి తనూ చచ్చిపోతే, ఆ పిల్ల మేకన్‌లో పెద్దమ్మ దగ్గర పెరుగుతుంది. పదిహేడేళ్ళకి కన్న కొడుకుని వదిలేసి వెళ్ళిపోతుంది. యాభై ఏడేళ్ళ వయసులో ఆ కథంతా తనే చెప్తుంది. ఆ గొంతు ప్రైస్‌కి వాళ్ళమ్మ ఎలిజబెత్ నుంచి వచ్చింది. ఆమె కూడా చిన్నతనంలోనే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుంది. 1965లో చనిపోయింది. మంచానపడ్డ ప్రైస్ ఆ నవల పూర్తిచేశాడు. 1986లో వచ్చిన ఆ పుస్తకానికి నేషనల్ బుక్ క్రిటిక్స్ సర్కిల్ బహుమతి వచ్చింది. పురుషుడు స్త్రీ గొంతుతో నవల మొత్తం నడపగలడా అన్న చర్చలో ఆ పుస్తకం పేరు ఇప్పటికీ వస్తుంది. నడపగలిగాడు. కారణం కేట్ మాట్లాడే పద్ధతి. తన తప్పు తను చెప్పుకుంటూ, క్షమించమని అడక్కుండా, వంటింట్లో చేతిపని ఆపకుండా మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. ఒంట్లో మంట లాంటి నొప్పి మందులకి లొంగలేదు. 1987లో డ్యూక్ ఆసుపత్రిలోనే బయోఫీడ్‌బ్యాక్ (ఒంటి సంకేతాలు చూసుకుంటూ దాన్ని అదుపు చేసుకోవడం), హిప్నాసిస్ నేర్పించారు. నొప్పి పోలేదు గాని, దాన్ని పక్కకి జరిపి కూర్చోవడం అతనికి పట్టుబడింది. హిప్నాసిస్ ఇంకో తలుపు కూడా తీసింది. చిన్నతనం వరదలా వచ్చిపడింది. గదులు, ముఖాలు, ఎవరెవరు ఏమన్నారో. ఆ ఊటతో రాసిందే 1989లో వచ్చిన 'క్లియర్ పిక్చర్స్'. జబ్బు కథ 'ఎ హోల్ న్యూ లైఫ్' 1994లో వచ్చింది. నడిచే రోజుల్లో కన్నా చక్రాల కుర్చీలో కూర్చున్నాకే ఎక్కువ పుస్తకాలు రాశాడు. గాయకుడు జేమ్స్ టేలర్‌తో కలిసి 'కాపర్‌లైన్' పాట రాసింది కూడా ఆ రోజుల్లోనే. అదీ చిన్ననాటి కరొలైనా గురించే.

జ్ఞాపకానికి రుజువులు అక్కర్లేదని కాదు. కానీ జున్ను పుట్టుక దగ్గర తప్పుదారి పట్టించిన ఆ జ్ఞాపకమే కేట్ గొంతు దగ్గర సరిగ్గా పనిచేసింది. 'మాది' అన్న మాట లెక్కలో ఎప్పుడూ కొంచెం తప్పే.

ఇప్పుడు కలిపే సంగతి. డ్యూక్ యూనివర్సిటీ ఉన్న డరమ్ పక్కనే కేరీ, మారిస్‌విల్ నిండా తెలుగువాళ్ళున్నారు. అక్కడి సూపర్‌మార్కెట్ డెలీ అరలో నారింజ రంగు డబ్బాలు రోజూ కనపడుతూనే ఉంటాయి. డబ్బా సరుకు చూసి దీన్ని తేల్చేయకండి. అందులో జిగురు కోసం వేసేవి ఎక్కువ, చెద్దర్ తక్కువ.

450 గ్రాముల చెద్దర్ తీసుకోండి. 300 గ్రాములు ఎక్స్‌ట్రా షార్ప్ (బాగా మాగి ఘాటెక్కినది), 150 మామూలుది. మొత్తం ఎక్స్‌ట్రా షార్ప్ అయితే పొడిపొడిగా రాలి ముద్ద కట్టదు. మొత్తం మామూలుదైతే మెయొనేజ్ కింద రుచి అణిగిపోతుంది. జున్నుని ఫ్రిజ్‌లోంచి తియ్యగానే, చల్లగా ఉన్నప్పుడే తురమాలి. మూడింట రెండు వంతులు కోరు పెద్ద కన్నాలమీద, ఒక వంతు చిన్న కన్నాలమీద. సన్నటి తురుము మెయొనేజ్‌లో కలిసిపోయి ముద్దని పట్టి ఉంచుతుంది, లావు తురుము పంటికి తగులుతుంది. తురిమి అమ్మే ప్యాకెట్లు వద్దు. అంటుకోకుండా వాటికి పిండి పొడి చల్లుతారు, అది తడి పీల్చి నోట్లో సుద్దలా తగులుతుంది. మిక్సీలో వేస్తే బ్లేడు వేడికి కొవ్వు బయటికొచ్చి నూనె తేలుతుంది. మన దగ్గర దొరికే ప్రాసెస్డ్ చీజ్ క్యూబులతోనూ కుదరదు. అందులో కలిపే లవణాల వల్ల ఉప్పెక్కువై, రబ్బరులా సాగుతుంది. హైదరాబాదులోనూ ఇప్పుడు అసలు చెద్దర్ దొరుకుతోంది. శాకాహారులు లేబుల్ మీద రెనెట్ (పాలని గడ్డకట్టించేది) ఏ రకమో చూసుకోవాలి. అమెరికాలో కొన్నిటికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు.

తురుముని అరగంట బయట ఉంచండి. ఈలోగా 113 గ్రాముల పిమెంటో సీసా ఒకటి జల్లెడలో వంచి పది నిమిషాలు వదిలి, తర్వాత గుడ్డలో పెట్టి ఒత్తాలి. ఈ పనికి బద్ధకిస్తే మర్నాటికి గిన్నె అడుగున ఎర్రనీళ్ళు తేలతాయి. పిమెంటో చీజ్ చెడిపోయే కారణాల్లో మొదటిది ఇదే. తడి పిండాక చిక్కుడు గింజంత ముక్కలుగా తరగండి. మరీ ముద్ద చేస్తే అంతా ఒకే గులాబీ రంగైపోతుంది.

సీసా దొరక్కపోతే రెండు పెద్ద ఎర్ర కాప్సికంలు. పచ్చడికి వంకాయ కాల్చినట్టే మంట మీద తిప్పుతూ, తోలంతా నల్లబడేదాకా పన్నెండు పదిహేను నిమిషాలు కాల్చి, గిన్నెలో వేసి మూత పెట్టాలి. పావుగంట ఆ ఆవిరిలో మగ్గితే తోలు చేత్తోనే ఊడి వస్తుంది. గ్రిఫిన్ యంత్రం చేసిన పని ఇదే. కుళాయి కింద కడగొద్దు, కాల్చిన రుచి నీళ్ళతో పోతుంది. సీసాలోదానికి కాస్త పులుపుంటుంది కాబట్టి, ఇంట్లో కాల్చినదానికి అర చెంచా నిమ్మరసం చేర్చండి.

మెయొనేజ్ ముందు ఆరు పెద్ద చెంచాలు వేసి, గరిటెతో మడిచినట్టు కలిపి చూడండి. బ్రెడ్ మీద రాస్తే రాలకుండా, పళ్ళెం వంచితే జారకుండా ఉండాలి. అవసరమైతే ఇంకో రెండు, అంతే. పూర్తిగా కలిసిపోయేలా మెదిపేస్తే మైనంలా అవుతుంది, తురుము విడిగా తెలుస్తుండగానే ఆపాలి. మన దగ్గర అమ్మే మెయొనేజ్‌లు, ముఖ్యంగా గుడ్డు లేనివి, తియ్యగా ఉంటాయి. వాటికి ఒక చెంచా నిమ్మరసం, పావు చెంచా ఆవాల ముద్ద కలిపితే దారికొస్తాయి. ఇంట్లో గిలక్కొడితే ఒక పచ్చసొనకి 180 మిల్లీలీటర్ల నూనె పడుతుంది. మొదటి నాలుగు చెంచాలూ చుక్కచుక్కగా పొయ్యాలి, తొందరపడితే విరిగిపోతుంది. విరిగితే వేరే గిన్నెలో కొత్త సొన తీసుకుని, విరిగినదాన్ని దాంట్లోకి చుక్కలుగా కలుపుకుంటూ రండి.

నల్ల మిరియాల పొడి అర చెంచా, ఎర్రకారం రెండు చిటికెలు. గుంటూరు కారమైతే ఒక్క చిటికే, ఉడకని కారం పచ్చివాసన వేస్తుంది. ఉప్పు ఆఖర్న, రుచి చూశాకే. చాలాసార్లు అక్కర్లేదు. వెల్లుల్లి గురించి కరొలైనాలో ఇంటికో మతం. వేస్తే ఒక చిన్న రెబ్బ, ఉప్పు కల్లు వేసి మెత్తగా నూరి. కలిపినప్పుడు చాలలేదనిపిస్తుంది, రాత్రికి రాత్రే రెట్టింపవుతుంది. వూస్టర్‌షైర్ సాస్ వేసేవాళ్ళున్నారు, అందులో చేపలుంటాయని శాకాహారులు మర్చిపోకూడదు. చక్కెర ఏ పరిస్థితిలోనూ వద్దు.

బ్రెడ్ మెత్తటి తెల్లదే. గోధుమది, గింజలది ఆరోగ్యానికి మంచివే గాని, ఇక్కడ జున్ను రుచిని కమ్మేస్తాయి. కాల్చకూడదు. శాండ్‌విచ్‌కి 60 గ్రాముల ముద్ద, అంచుల దాకా సమంగా. ఈ కొలతకి పది వస్తాయి. డబ్బాలో పట్టుకెళ్ళేటట్లయితే బ్రెడ్ లోపలి వైపు పల్చగా వెన్న రాస్తే తడి దిగదు. జార్జియాలోని అగస్టాలో జరిగే మాస్టర్స్ గోల్ఫ్ పోటీల్లో ఇదే శాండ్‌విచ్‌ని ఒకటిన్నర డాలర్‌కి అమ్ముతారు. 2013లో తయారుచేసేవాళ్ళు మారి రుచి తేడా వస్తే పత్రికల్లో వార్తలయ్యాయి. మూడు సరుకుల వంటలో తేడా దాచడానికి చోటుండదు.

కొన్న మెయొనేజ్‌తో చేసింది ఫ్రిజ్‌లో ఐదారు రోజులుంటుంది, పచ్చిసొనతో ఇంట్లో చేసినదైతే రెండు రోజులు. బయట రెండు గంటలకి మించకూడదు. మన ఎండాకాలంలో గంటే. డీప్ ఫ్రీజర్‌లో పెడితే మెయొనేజ్ విరిగి నీళ్ళోడుతుంది. కలిపిన వెంటనే తినడం కన్నా నాలుగు గంటలు, వీలైతే ఒక రాత్రి మూతపెట్టి ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీశాక బిగుసుకుని ఉందని పైన ఇంకో చెంచా మెయొనేజ్ వెయ్యకండి. ఇరవై నిమిషాలు బయట పెడితే అదే వదులవుతుంది.